ఎర్రయ్య ఇంటి బల్బు

"మళ్ళీ పోయిందా!" అన్నాడు సమూయేలు. ఎర్రయ్య చేతిలో మాడిన బల్బును చూడగానే ఆయన మొహమూ అలాగే మాడింది.

"పోయింది బాబూ. మొన్న ఏసినాను, నిన్నటికి పోయింది," అన్నాడు ఎర్రయ్య, దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా.

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లకు బల్బులిచ్చే ఆఫీసులో సమూయేలు ఫిట్టర్ల మీద చార్జిమాను. మాడింది తెచ్చిచ్చినవాడికి కొత్తది ఇవ్వాలి, అదీ రూలు. ఇళ్ళన్నీ ఏడాదికి ఒకటో రెండో పట్టుకెళ్తుంటే, వర్క్‌షాపు ఖలాసీ ఎర్రయ్య ఇల్లొక్కటే మూడు నెలల్లో పద్నాలుగు మింగేసింది. పొద్దున్నే పై సాహెబు పిలిచి లెక్క చూపించాడు. "రేపు శనివారం. రేపటికి కారణం రాసియ్యి. లేదంటే కుర్సీ ఛోడో, మళ్ళీ ఫిట్టరువై నిచ్చెనెక్కు!"

ఇరవై రెండేళ్ళు నిచ్చెనలెక్కితే దొరికిన కుర్చీ అది.

"నిజం చెప్పు ఎర్రయ్యా. బజార్లో అమ్ముకుంటన్నావేటి?"

"కొత్తది అమ్ముకుంటే, మీకియ్యడానికి ఈ సచ్చినదాన్ని ఎక్కడ తేవాల బాబూ?"

సమూయేలు కుర్చీలోంచి లేచాడు. టెస్టరు, మీటరు సంచిలో వేసుకుని ఎర్రయ్య వెంట బయల్దేరాడు.

వరండాలో ఎర్రయ్య తల్లి అప్పలనర్సమ్మ వంకాయల గంప సర్దుకుంటోంది. రోజూ ఆ గంపతో ఆవిడ క్వార్టర్లన్నీ చుట్టి వస్తుంది. చార్జిమానును చూసి లేచి నిలబడి, ఎందుకో నెత్తిన ముసుగు లాక్కుంది.

సమూయేలు స్టూలెక్కాడు. హోల్డరు గట్టిగానే ఉంది. వైర్లు బాగున్నాయి. మీటరు పెట్టి చూశాడు, పక్కింటి వెంకటరావుకు ఎంత వోల్టేజీ వస్తోందో ఇక్కడా అంతే. వెంకటరావు ఇంటి బల్బుకేమో రెండేళ్ళు నిండాయి! అంతలో వెనకనించి బొగ్గింజనొకటి కూతేసుకుంటూ పోయింది. రెండిళ్ళ గోడలూ ఒక్కలాగే అదిరాయి.

"స్విచ్చి మాటిమాటికీ ఏసి తీస్తే లోపలి తీగ తట్టుకోలేదు. తెగిపోద్ది. మీరలా చేస్తన్నారు కావాల," అన్నాడు సమూయేలు ఆశగా.

"ఉన్నదిద్దరం బాబూ. సీకటి పడ్డాక ఒక్కపాలి ఏస్తాం, తొంగున్నప్పుడు ఒక్కపాలి తీస్తాం."

"మరి వెంకటరావింట్లో?"

"నలుగురు పిల్లలండి. ఆ స్విచ్చే ఆళ్ళకి ఆటబొమ్మ."

సమూయేలు స్టూలు మీదే కూలబడ్డాడు. చదివిన పుస్తకమూ, నేర్చిన పనీ రెండూ చేతులెత్తేశాయి.

"ఏటి సేస్తాం నాయినా," అంది అప్పలనర్సమ్మ, మొహం చూపించకుండా. గంప నెత్తికెత్తుకుని, పిలిచినా వినబడనంత వేగంగా వీధిలోకి నడిచింది.

సాయంత్రం సమూయేలు ఇంటికొచ్చి స్విచ్చి వేశాడు. కాళ్ళు కడుక్కోవడానికి వెళ్తూ తీశాడు. వచ్చి వేశాడు. కాగితాల కోసం లోపలికెళ్తూ తీశాడు, వచ్చి వేశాడు. కళ్ళజోడు కోసం మళ్ళీ తీశాడు, మళ్ళీ వేశాడు. కరెంటు దండగ చేయడం ఆయన ఒంటికి పడదు.

ఎంత ఆలోచించినా కారణం దొరకలేదు. చివరికి ఒక వాక్యం రాశాడు. "ఎర్రయ్య అను ఖలాసీ రైల్వే బల్బులను కావలెనని పాడుచేయుచున్నాడు..."

అన్నం కంచం తెచ్చిన భార్య దేవమణి భుజం మీదుగా అది చదివి ఆగిపోయింది. "అయ్యో, అలా రాసేస్తన్నారేటండి? ఆడి ఉద్యోగం పోదూ?"

"రాయకపోతే నాది పోద్ది! నాకు మాత్రం ఏం తెలుసు దేవమణీ? మన ఇల్లే చూడు. మూడు నెలలై ఒక్క బల్బు అడిగావా నన్ను? పంచేవాడే తనింటికి పట్టుకుపోతే జనం నవ్వుతారని ఒక్కసారి చెప్పాను, సరిపోయింది. ఊరంతా నీలా పొదుపుగా ఉంటే నాకీ గతి పట్టేదా?"

దేవమణి కంచం కింద పెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ కాయితం సింపేయండి. మనింట్లో మీరు ఏసి తీసి అరగ్గొడితే, మీరు లేనప్పుడు మాడిన బల్బులన్నీ అప్పలనర్సమ్మ గంపలో వంకాయల కిందెట్టి ఎర్రయ్యింటికి పంపి, ఆళ్ళింట్లో ఎలిగేవి నానే తెప్పించుకుంటన్నానండి!"