గండం బియ్యం

“నీ జుట్టులో ఆ బియ్యపు గింజ ఏమిటే?”

తియర్మా అరుపుకి పక్క వేడినీళ్ల మడుగులో కళ్లు మూసుకుని నానుతున్న ముసలాయన కూడా ఉలిక్కిపడ్డాడు. లమ్రియా గబుక్కున తల తడుముకుంది.

“ఎక్కడో పడుంటుందిలే అమ్మా. పొద్దున సంతకి వెళ్లాంగా.”

“సంతలో బియ్యం నెత్తిన పోసి అమ్ముతున్నారా? చేపలు తెస్తామని నువ్వూ, సాహతూ చీకటితో వెళ్లారు. చేపల్లేకుండా వచ్చారు. ఇప్పుడు చూస్తే నెత్తిన బియ్యం! ఎవరు పెట్టారు? ఏం గండం తప్పిందే నీకు?”

అదీ ఆవిడ భయం. చావు అంచుదాకా వెళ్లొచ్చినవాళ్ల నెత్తిన పెద్దవాళ్లు బియ్యం పెడతారు, బెదిరిన ప్రాణం మళ్లీ ఒంట్లో కుదురుకోవాలని. మొగుడెక్కిన బస్సు లోయ అంచున ఆగినప్పుడు తియర్మా కూడా పెట్టింది. ఊరికే ఎవరూ పెట్టరు.

అసలు ఈ ప్రయాణమే ఆవిడకి ఇష్టం లేదు. శని, ఆదివారాలు హాయిగా గడిపొద్దాం, వేడినీళ్లకి నీ మోకాళ్ల నొప్పులు పోతాయి అంటూ కూతురు లాక్కొచ్చింది. తోబా సరస్సు అడుగున అగ్నిపర్వతం నిద్రపోతోందని బళ్లో విన్న నాటినుంచీ తియర్మాకి ఈ నీళ్లంటే నమ్మకం లేదు. ఇన్ని వేల ఏళ్లు పడుకున్నది, సరిగ్గా తను వచ్చిన శనివారమే లేస్తుందని ఆవిడ అనుమానం. కొండ పగుళ్లలోంచి పొగలు కక్కుతూ దిగే ఈ నీళ్లూ, ఈ గంధకం కంపూ... హాయట, హాయి!

“లాంచీ బోల్తా పడిందా? చెప్పవే!”

“పొద్దున మేం లాంచీయే ఎక్కలేదమ్మా.”

“అయితే మోటారు సైకిలే. లారీ గుద్దిందా? ఏదీ, చెయ్యి చూపించు. అది కాదు, రెండోది.”

లమ్రియా రెండు చేతులూ చాపింది. కాళ్లు కూడా నీళ్లలోంచి పైకెత్తి చూపించింది. “అన్నీ ఉన్నాయా?”

“ఎగతాళా? లోపలి దెబ్బలు పైకి కనిపించవు.”

ఇంతలో సాహత్ దుకాణంలోంచి చాయ్ గ్లాసులు, వేయించిన అరటిపళ్లు పట్టుకొచ్చాడు. లమ్రియాని చేసుకోబోయే కుర్రాడు. ఈ సరస్సు మీదే లాంచీ నడుపుతాడు. నిన్నంతా “అత్తయ్యా, అటు చూడండి, అత్తయ్యా, ఇది తినండి” అంటూ చెవులకి చిల్లులు పొడిచినవాడు, ఇవాళ సంతనుంచి వచ్చింది మొదలు ఆవిడకేసి కన్నెత్తి చూడలేదు.

ఒక గ్లాసు లమ్రియా చేతిలో పెట్టి, “ఇది అమ్మకివ్వు. చక్కెర తక్కువ వేయించాను” అన్నాడు.

“నేనిక్కడే ఉన్నానుగా బాబూ, నా చేతికే ఇవ్వచ్చుగా” అంది తియర్మా.

అతను వినపడనట్టు అవతలి రాళ్లకేసి తిరిగిపోయాడు.

అయిపోయింది, అనుకుంది ఆవిడ. ఈ పిల్లాడికి మనసు విరిగిపోయింది. విరగదా మరి? పెళ్లి రెండుసార్లు ఆపించింది తనే. మొదటిసారి భూమి కాస్త కదిలిందని. రెండోసారి పళ్లు ఊడినట్టు కలొచ్చిందని. నిన్న లాంచీలో గాలి కాస్త విసురుగా కొట్టేసరికి, “నీళ్లమీద బతికేవాడికి పిల్లనివ్వాలంటే దడగా ఉంది, వచ్చే ఏడాది చూద్దాం” అని మళ్లీ నోరు జారింది. అతను నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వే ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంటోంది.

“వీడు నిన్ను వదిలేస్తున్నాడా?” కూతురి చెవిలో అంది. “పొద్దున అదే చెప్పాడా? అందుకని నువ్వు... అయ్యో ప్రభువా! సరస్సులో దూకావా? నిన్ను పైకి లాగి బియ్యం పెట్టారా?”

“అమ్మా! నేను అరటిపండు తింటున్నాను. దూకినదానిలా ఉన్నానా?”

“దూకినవాళ్లకీ ఆకలేస్తుంది.”

లమ్రియా నవ్వు ఆపుకోలేక తువ్వాలులో ముఖం దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. తియర్మాకి అది ఏడుపులా కనిపించింది. ఇక ఆవిడ ఆగలేకపోయింది. తడికాళ్లతో లేచి నిలబడింది.

“సాహత్! ఇటు తిరుగు. నిన్న నీ నోటికి మూతే లేదు, ఇవాళ నాతో ఒక్క ముక్క లేదు. అత్తా అల్లుడూ ఎదురెదురుగా మాట్లాడుకోకూడదు, గోడకో గిన్నెకో చెప్పుకోవాలన్నది మన పద్ధతే, కాదనను. అది పెళ్లయ్యాక కదా! ఇవాళ్టికి నువ్వింకా పరాయి పిల్లాడివే. నా ముఖం చూసి చెప్పు. నా బిడ్డకి ఏమయింది? నా మీద కోపంతో దాన్ని వదిలేస్తావా? వద్దు నాయనా! ఇక కలలు, గాలులు అనను. పెళ్లి వచ్చే నెలే చేస్తాను. పోనీ, రేపే చేస్తాను. దాన్ని మాత్రం ఏడిపించకు!”

అంటూ కళ్లు తుడుచుకుంటూ ఒక అడుగు వెనక్కి వేసింది. అటువైపు మరిగే నీళ్లు బుసబుసమంటూ కాలవలా పారుతున్నాయి.

సాహత్ ఆమె చెయ్యి పట్టుకోబోయి, చప్పున వెనక్కి తీసుకున్నాడు. లమ్రియాకేసి చూశాడు. చెవులదాకా ఎర్రబడి, పక్కనున్న బండరాయి ముందు వినయంగా తల వంచాడు.

“ఓ రాయీ, మా అత్తగారిని కాస్త ఇవతలికి రమ్మని చెప్పు, కాలు కాలుతుంది. రేపటికి పెళ్లి పనులేమీ పెట్టుకోవద్దని కూడా చెప్పు, పొద్దున మా పెదనాన్నగారింట్లో పెద్దలు మా ఇద్దరి నెత్తినా బియ్యం పెట్టి పెళ్లి కానిచ్చేశారు.”