గాలం కర్రకు ఏడు రింగులు

తమ్ముడి బ్యాగు సర్దడం రిబ్కాకు అది నాలుగోసారి. రెండు జతల బట్టలు, చిన్న బైబిలు, నిమ్మకాయ పచ్చడి సీసా పెట్టి జిప్పు లాగింది. ముంబై దగ్గరి కామత్‌ఘర్‌లో వాళ్లది ఒక్క గది ఖోలీ. బిడ్డ మెర్సీ కాన్పుకు వచ్చే వారమే వస్తోంది. బాలింతకు మంచం వేయాల్సిన మూలలో నలభై ఏళ్ల ఎలీషా పదకొండు నెలలుగా చాప పరుచుకుని ఉన్నాడు. రెండు రోజులుండి పోతానని వచ్చినవాడు.

"లే తమ్మీ, బస్సు టైమైతాంది."

ఎలీషా పడుకున్నచోటి నుంచే గాలం కర్ర ఎత్తి చూశాడు. "ఎట్ల పోవాలె అక్కా? దారం పోయే రింగులు సక్కగ లేవు. సేటు సూస్తే ఎల్లగొడ్తడు."

వైతరణ దగ్గర ఒక సేటుకు చెరువుంది. సెలవు రోజుల్లో ముంబై పెద్దమనుషులు అక్కడికి సరదాగా చేపలు పట్టడానికి వస్తారు. వాళ్ల గాలం కర్రలు కట్టే మనిషి కావాలట. తిండి, గది సేటువే. కాకపోతే పనికి వచ్చేవాడు తన చేత్తో కట్టిన కర్ర ఒకటి తెచ్చి చూపించాలి. ఎలీషా కడుతూనే ఉన్నాడు.

"రింగులు దొరకలె అని ఓ వారం, వార్నిష్ ఆరలె అని ఓ వారం! బిడ్డను ఏడ పండబెట్టాలె, నీ నెత్తి మీదనా?" అంది రిబ్కా.

అప్పుడే షిఫ్టు దిగి వచ్చిన ఆమె మొగుడు పేతురు చెప్పులు విడిచాడు. "ఇటు తే బామ్మర్దీ. ఆ రింగుల సంగతేందో నేనే సూస్త."

పాత రింగులన్నీ ఊడదీశాడు. టేపు పెట్టి కొలిచి, ఏడింటినీ సరిసమాన దూరంలో కట్టాడు. ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ మీద ఉన్న కన్ను అది. పోగుకూ పోగుకూ మధ్య తేడా వస్తే ఓర్చుకోదు. తంగూసు దారం రింగుల్లోంచి లాగి, కొసకు నీళ్ల చెంబు కట్టి కర్ర పైకెత్తాడు. కర్ర వంగింది. దారం మాత్రం దానితోపాటు వంగకుండా రింగుకూ రింగుకూ మధ్య అడ్డంగా పోయి, రెండుచోట్ల కర్రను రాసుకుంది.

"తాకుతాంది బావా. నేను చెప్పలె?" అన్నాడు ఎలీషా సంతోషంగా.

"సమానంగనే పెట్టిన గదా!"

"కర్ర సమానంగ వంగుతాందా మరి?" అంది రిబ్కా. "మొదట్ల మా తమ్ముని నడుము లెక్క, వంగనే వంగదు. వంగుడంతా కొసకే."

పేతురు ఆమె వంక చూశాడు. కర్ర వంక చూశాడు. రింగులన్నీ మళ్లీ ఊడదీశాడు.

ఆ తర్వాత అదే పని. రీలు దగ్గర పెద్ద రింగు, ఆపైన ఒక్కోటి చిన్నది, కొసకు పోయేకొద్దీ దగ్గర దగ్గరగా. సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించడం, చెంబు వేలాడదీయడం, దారం కర్రను తాకినచోట సుద్దగీత పెట్టడం, రింగును అక్కడికి జరపడం. అన్నం చల్లారింది. మర్నాడు మగ్గానికి నాగా పెట్టాడు. జ్వరమొచ్చినా నాగా పెట్టని మనిషి. సన్న దారాన్ని సందు లేకుండా చుట్టి, కొసను చుట్ల కిందనుంచి లాగి, ముడి కనబడకుండా ఏడు రింగులూ కట్టాడు. ఒక కన్ను మూసి, కర్ర వెంట చూసి, ఆరో రింగును బియ్యపు గింజంత జరిపి, చుట్ల మీద వార్నిష్ పూశాడు.

"ఇప్పుడు చెప్పు బామ్మర్దీ."

ఎలీషా చాలాసేపు వెతికాడు. తప్పు దొరకలేదు. "వార్నిష్ ఆరాలె గదా," అన్నాడు నీరసంగా.

"రేపటికి ఆరుతది," అన్నారు మొగుడూ పెళ్లాం ఒక్కసారే.

మర్నాడు శుక్రవారం. మగ్గాలకు సుట్టి, వారం సెలవు.

"బస్సుల కర్ర ఇరుగుతదేమో," అన్నాడు ఎలీషా ఆఖరి ప్రయత్నంగా.

"నేను పట్టుకొస్త, నడు," అన్నాడు పేతురు. అప్పటికే చొక్కా వేసుకుని ఉన్నాడు.

రిబ్కా మురిసిపోయింది. "దగ్గరుండి పనిల పెట్టిరా. మల్ల ఎన్కకు బస్సెక్కకుంట సూడు."

"పోయొస్త అక్కా," అన్నాడు ఎలీషా గుమ్మంలో.

"పోయొస్త అనకు. పోతున్న అను, సాలు!"

"జల్ది రా బామ్మర్దీ, ఆలస్యమైతాంది!" మెట్ల కిందనుంచి పేతురు అరిచాడు.

షేర్ ఆటో సందు తిరిగేదాకా రిబ్కా నిలబడి చూసింది. లోపలికొచ్చి చాప చుట్టి అటక మీద పడేసింది. ఫినాయిల్ పోసి మూల కడిగి, మంచం వాల్చింది. ఆ మూల అంత పెద్దదని ఆమెకు అప్పుడే తెలిసింది.

సాయంత్రం తలుపు చప్పుడైంది. "వచ్చినవా?" అంటూ తీసింది.

ఎలీషా. "ఆకలైతాంది అక్కా."

"నువ్వెందుకొచ్చినవ్‌రా? మీ బావేడి?"

"సేటు కర్ర వంచి సూసిండు. ఈ నాలుగో రింగు ఈడనే ఎందుకు పెట్టినవ్ అని అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"అందంగ ఉంటదని అన్న. బావకు ఉండబట్టలె. ఒక్కో రింగు సంగతి గంటసేపు చెప్పిండు. సేటు బావనే పెట్టుకున్నడు."

"మరి నువ్వు ఊకున్నవా?"

"ఏమనాలె అక్కా? బావ నవ్వంగ నేను గిప్పుడే సూసిన."

రిబ్కాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "ఎప్పుడొస్తనన్నడు?"

"వచ్చే శుక్రవారం, సుట్టికి," అని ఎలీషా మంచం మీద వాలిపోయాడు.

మెర్సీ వచ్చింది. మగపిల్లాణ్ని కని, మూడో నెలలో అత్తగారింటికి వెళ్లింది. ఎలీషా ఎక్కడికీ వెళ్లలేదు. 1999 ఫిబ్రవరి 12, శుక్రవారం పొద్దున వెళ్లిన పేతురు మాత్రం ఆ గాలం కర్రలు వదిలి మళ్లీ ఇంటికి రాలేదు.