రన్‌వే చివరి దీపం

రాయపూర్ రన్‌వే పొడుగునా కిరసనాయిలు దీపాలు వెలిగించి, ఏలియా రాత్రి విమానం కోసం ఆకాశంకేసి చూస్తున్నాడు. రోగికి తోడుగా వెళ్లిన అతని భార్య, నర్సు గ్రేసు, ఆ విమానంలోనే రావాలి.

ఆఫీసు వరండాలోంచి మేనేజరు సూర్యారావుగారు కేకేశారు.

"అరే ఏలియా, దీపాలు బంద్ కర్‌దే. ఫోనొచ్చింది. విమానం అడివిలో కూలిపోయిందంటరా."

"ఆర్పనండి. చీకట్లో మా గ్రేసు ఎలా దిగుద్దండీ?"

అప్పుడే అవతలి చివర దీపం ఆరింది. గాలి లేదు. తర్వాత దాని పక్కది, ఆ పక్కది. విమానం దిగేటప్పుడు దాని గాలికి ఆరినట్టే, వరసగా ఇటే ఆరుతూ వస్తున్నాయి. చప్పుడు మాత్రం లేదు.

చివరి దీపానికి ఏలియా రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

చీకట్లో చెప్పుల అడుగులు దగ్గరికొచ్చి ఆగాయి.

"అదీ ఆర్పెయ్యండి," అంది గ్రేసు. "నా మొహం చూడొద్దు."