ఆరు దాటితే

"తాగినావు! ఒప్పేసుకో!"

రామతులసి కేకకు ఆరోగ్య కేంద్రం వరండాలో కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. చిన్నారావుకు సిగ్గుతో చచ్చినంత పనయింది.

"నేదంటే నమ్మవేటి? అమ్ము మీద ఒట్టు!"

"పిల్ల మీద ఒట్టెయ్యకు!"

సిస్టర్ రాధ చేతిలోని చిన్న మిషను మాత్రం ఇరవై ఆరు చూపిస్తోంది. పొగ మానిపించే గదిలో ఎవరొచ్చినా ముందు దాంట్లో గట్టిగా ఊదాల్సిందే.

"ఆరు దాటితే తాగినట్టే భయ్యా. మషీన్ ఝూట్ చెప్తదా?"

చిన్నారావుకు ఒళ్లు మండిపోయింది. బీడీ మానేసి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. బచేలి ఊరి లారీల అడ్డాలో తోటి డ్రైవర్లు గుప్పుగుప్పున వదులుతుంటే సోంపు నములుతూ కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. కూర్చుంటే నిలబడాలనిపిస్తుంది, నిలబడితే ఎవరితోనైనా పోట్లాడాలనిపిస్తుంది. ఇంత నరకం పడ్డందుకు దక్కిందేమిటయ్యా అంటే దొంగ అన్న పేరు!

"వారం నుంచి పొద్దున్న లేస్తే తలపోటు సిస్టరమ్మా, కడుపులో తిప్పుడు. అయినా ముట్టుకోనేదు."

"మానేసినోళ్లకి కొన్ని దినాలు అట్లనే ఉంటది."

"ఈయన చిరాకుతో నాకూ తల పగిలిపోతంది," అంది రామతులసి. "మా అయ్య దగ్గి దగ్గి నా చేతుల్లోనే పోనాడు సిస్టరమ్మా. ఇంకో మనిషిని అలాగ సూడనేను. రేపటి బండికి అమ్మును తీసుకుని మా ఊరెల్లిపోతాను."

ఉట్టి బెదిరింపు కాదది. మళ్లీ బీడీ ముట్టాడేమోనన్న అనుమానంతో రాత్రే సంచి సర్దేసింది. ఏడేళ్ల అమ్ము లేని ఇల్లు తలచుకుంటేనే చిన్నారావుకు ఊపిరాడలేదు.

"మిషను పాడైపోనాది! కావాలంటే మా ఆవిడ చేత ఊదించండి. పుట్టి బుద్ధెరిగి బీడీ ముట్టనేదు."

రామతులసి కొంగు నడుముకు దోపి, ఆ కోపమంతా కలిపి ఊదింది. అంకె పది దాటింది, ఇరవై దాటింది, ముప్పై ఒకటి దగ్గర ఆగింది.

వరండా గొల్లున నవ్వింది. ఇరవై రెండు రోజుల్లో మొదటిసారి చిన్నారావు పగలబడి నవ్వాడు. "ఓసి దొంగా! నాకంటే ఎక్కువ తాగుతున్నావన్నమాట!"

రాధ మాత్రం నవ్వలేదు.

"అక్కా, పండుకునే గదిలో నిప్పులు పెట్టుకుంటరా?"

"సలి కదమ్మా. మూకుట్లో బొగ్గులేసి మంచం కాడ ఎట్టుకుంటాం."

"కిటికీ?"

"ఇదివరకు ఈయన బీడీ కంపు పోవాలని తీసే ఉంచీవోలం. మానీసినాడు కదాని వారం కిందట మూసీసి, సందుల్లో గోనె కుక్కీసినాం."

రాధ మిషను బల్ల మీద పెట్టింది.

"ఇది బీడీ వాసన పట్టదక్కా, నిప్పు వదిలే విషపు గాలిని పడతది. బొగ్గులు వదిలేదీ అదే. మీ తలనొప్పులకీ అదే కారణం. అన్న బీడీ ముట్టలే. గలతీ నాదే, మాఫ్ చెయ్యండి."

రామతులసి అందరి ముందే మొగుడి చెయ్యి పట్టుకుంది. "నిన్ను అనకూడని మాటలన్నాను," అంటూ కళ్లొత్తుకుంది. చిన్నారావుకు ఏనుగెక్కినంత సంబరమైంది. సంచి మళ్లీ విప్పించాలి, అమ్ముకు జిలేబీ కొనాలి.

"అవునూ, పాప ఏది?" అంది రాధ.

"ఇంటికాడే ఉందమ్మా," అన్నాడు చిన్నారావు నవ్వుతూనే. "తలనొప్పి, లెగనంది. సలి తగలకుండా ఇంకో నాలుగు బొగ్గులేసి, తలుపు మూసీసి వచ్చినాం."