సీజన్ కాని జ్వరం

“జనవరిల డెంగీ ఏంది కట్టమ్మా? రాసేటప్పుడు జర క్యాలెండర్ సూడరాదు?”

మండల ఆరోగ్య కేంద్రంలో మలేరియా సూపర్‌వైజర్ వీరస్వామి ఆ కాగితాన్ని రెండు వేళ్లతో వెనక్కి నెట్టాడు. కొత్తగూడ అడవి అంచున బోడగుట్ట తండాలో పదకొండు మంది జ్వరంతో పడుకున్నారనీ, నలుగురికి డెంగీ పరీక్ష కిట్టు మీద రెండేసి గీతలు వచ్చాయనీ ఆశా కార్యకర్త కట్టమ్మ రాసుకొచ్చిన కాగితం అది.

వీరస్వామి లెక్కలో దోమలకు ఒక పద్ధతుంది. జులైలో పుడతాయి, నవంబరులో పోతాయి. పై ఆఫీసు షెడ్యూలు కూడా అదే చెబుతుంది కాబట్టి వాటికి వేరే దారి లేదు. పుష్యమాసం గనుక ఆయన ఉన్ని స్వెటరు తొడుక్కుని, మంకీ టోపీ చెవుల కిందికి లాక్కుని వచ్చాడు. నెత్తి మీద ఫ్యాను జోరుగా తిరుగుతున్నా టోపీలోంచి చెమట కారుతూనే ఉంది.

కట్టమ్మ నిలబడే చెప్పుకొచ్చింది. ఈ ఏడు చలి అన్నదే పడలేదు. డిసెంబరులో తుపాను వానలు వారం పాటు కొట్టాయి. నల్లా మూడు రోజులకోసారి వస్తోందని జనం డ్రమ్ముల్లో నీళ్లు పట్టి పెడుతున్నారు, ఏ డ్రమ్ము చూసినా పురుగులే. తండాలో మందు కొట్టించమంది.

మందు కొట్టేది జూన్‌లో అన్నాడు వీరస్వామి. అప్పటిదాకా దోమలు ఆగవంటే, ఆగకపోతే అది దోమల తప్పన్నాడు.

మధ్యాహ్నం అదే తండా దస్రు, ఆ పదకొండు మందిలో ఒకతైన తన పదేళ్ల కూతురు శ్రేయను బండి మీద తెచ్చాడు. పిల్ల మెడ నిలపలేకపోతోంది. చిగుళ్ల నుంచి నెత్తురు వస్తోంది. డాక్టరు మీటింగుకు పోయాడు. మానుకోట దవాఖానకు పంపాలంటే చీటీ రాయవలసింది వీరస్వామే. డెంగీ అనుమానం అని రాస్తే అక్కడ ముందే ప్లేట్‌లెట్లు సిద్ధం చేస్తారని కట్టమ్మ బతిమాలింది. ఆయన ‘జలుబు, జ్వరం’ అని రాసి కింద గీత కూడా గీశాడు.

“మన మండలం సున్నాల ఉన్నది కట్టమ్మా. ఒక్క కేసు రాసినా మీటింగుల నన్ను నిలబెడతరు.”

“నిలబడితె కాళ్లు గుంజుతయి, గంతే సారు. పిల్ల పోతె మళ్ల రాదు.”

ఆమె ఆ చీటీని తిప్పి, వెనక వైపు తనే పెద్దక్షరాలతో డెంగీ అని రాసింది. పిల్లను ఒళ్లో వేసుకుని దస్రుతో పాటు అంబులెన్సు ఎక్కింది. మెమో ఇస్తానని వీరస్వామి గుమ్మం దాకా వచ్చి చెప్పాడు. అంబులెన్సు తలుపు వేసుకుని కదిలింది.

పిల్లకు ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలకు దిగాయి. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేది కాదని అక్కడి డాక్టరు అన్నాడు. ఐదో రోజు శ్రేయ తండ్రి చెయ్యి పట్టుకుని నడిచి ఇంటికి వచ్చింది. ఆ సాయంత్రమే కట్టమ్మకు మెమో వచ్చింది. సీజన్ కాని సీజన్‌లో డెంగీ పుట్టించి ప్రజలను పరేషాన్ చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలట. శ్రేయది మాత్రం ఎక్కడో చుట్టాలింట్లో అంటిన జ్వరమని తేల్చి, వీరస్వామి జనవరి నివేదికలో గుండ్రని సున్నా పెట్టి పంపాడు. మిగిలిన పది మందికీ కట్టమ్మే రోజూ తిరిగి నీళ్లు తాగించి, డ్రమ్ములు బోర్లింపజేసింది.

ఫిబ్రవరి మొదటి వారంలో జిల్లా ఆఫీసు నుంచి కవరు వచ్చింది. అప్పటికే ఎండ చుర్రుమంటోంది. అందులో ప్రశంస ఉంటుందని వీరస్వామికి ముందే కబురందింది. మిఠాయి తెప్పించి, అందరినీ పిలిచి, కట్టమ్మను ముందు వరుసలో నిలబెట్టి మరీ, కంప్యూటర్ ఆపరేటర్ నవీన్‌ను గట్టిగా చదవమన్నాడు.

నవీన్ గొంతు సవరించుకుని చదివాడు.

“కాలాలు తప్పి డెంగీ ఏడాది పొడవునా వస్తున్నందున సిబ్బందిని జ్వరాలున్న చోట్లకు సర్దుతున్నాము. మీ నివేదికల ప్రకారం మీ మండలంలో దోమల బెడద పూర్తిగా పోయినందుకు హృదయపూర్వక అభినందనలు. కనుక అక్కడి మలేరియా సూపర్‌వైజర్ పోస్టును నేటి నుంచి రద్దు చేయడమైనది.”