గురువారం ట్రెడ్‌మిల్లు

కంపెనీ నుంచి నోటీసు వచ్చేదాకా, తన లింకు మీద ఎవరో దొంగ ఆర్డర్లు పెడుతున్న సంగతి తస్లీమ్‌కు తెలియదు.

మార్కాపురంలో ఇంట్లో కూర్చునే ఆమె చేసే పని ఇదీ. వస్తువుల గురించి వీడియోలు చేసి, వాటి కింద లింకు పెడుతుంది. ఆ లింకు నొక్కి ఎవరైనా కొంటే ఆన్‌లైన్ కంపెనీ ఆమెకు కమీషన్ ఇస్తుంది. మొదట్లో అత్త జహరాబీ దాన్ని ఫోను పిచ్చి అని తిట్టేది. రెండేళ్లు తిరిగేసరికి ఆ ఫోను పిచ్చే రేకుల ఇంటికి స్లాబు వేయించింది. ఇప్పుడు కోడలి ఆఫీసు గురించి వీధంతా చెప్పుకు తిరిగేది ఆ జహరాబీయే.

నోటీసులో ఉన్నది ఇదీ. నాలుగు నెలలుగా తస్లీమ్ లింకు మీద, కొనకనమిట్ల మండలంలోని రాళ్లవాగు అనే ఒకే ఒక్క పల్లె నుంచి, ఆదివారం తప్ప రోజూ ఒక ఆర్డరు పడుతోంది. పొద్దున చేరిన వస్తువు సాయంత్రానికి వాపసు పోతోంది. సోమవారంలోగా సరైన సంజాయిషీ ఇవ్వకపోతే ఖాతా మూసేసి మోసం కేసు పెడతారట.

వెంట పంపిన జాబితా చదువుతుంటే తస్లీమ్‌కు తల తిరిగింది. పిచ్చమ్మ అనే ఆమె గడ్డానికి రాసుకునే నూనె తెప్పించింది. వెంకటసుబ్బయ్య అనే ఆయన ఈతకు పెట్టుకునే కళ్లద్దాలు తెప్పించాడు. బోర్లే ఎండిపోయే ఆ పల్లెలో ఆయన ఎక్కడ ఈదుతాడు? ఇక గురువారం వస్తే ఆ పిచ్చమ్మ పేరు మీద ట్రెడ్‌మిల్లే. వరసగా పదహారు గురువారాలు, పదహారు ట్రెడ్‌మిల్లులు. రోడ్డు మీద నడిచే ఓపిక లేక కాదు కదా పల్లెటూరివాళ్లు మిషను మీద నడిచేది!

ఆమె అనుమానం నేరుగా హేమలత మీదికి పోయింది. హేమలత చిన్ననాటి స్నేహితురాలే, కానీ ఆమెదీ ఇదే పని, ఇదే ఊరు. తన ఖాతా మూయించి గిరాకీ అంతా లాక్కోవడానికి పల్లెజనానికి డబ్బులిచ్చి ఇదంతా చేయిస్తోందని తస్లీమ్ తేల్చేసుకుంది. హేమలత మూడుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

“సాక్ష్యం చేతికి రానీ, దాని సంగతి అప్పుడు చెప్తా” అని భర్త సాజిద్‌తో అంది.

గురువారం పొద్దున్నే ఇద్దరూ స్కూటర్ మీద రాళ్లవాగు చేరారు. పిచ్చమ్మ ఇల్లు ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. ఆ ఇంటి అరుగు మీద, ముందరి వాకిట్లో ఇరవైమంది దాకా నిలబడి ఉన్నారు. అందరూ ఉతికిన బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని రోడ్డు వైపే చూస్తున్నారు. ఒకరి దగ్గర బెండకాయల మూట, ఒకరి దగ్గర గంపలో కోళ్లు, ఒకామె చంకలో ఆసుపత్రి కాగితాలు. ముఠా ఇంత పెద్దదని తస్లీమ్ అనుకోలేదు. గోడ చాటున నిలబడి ఫోనులో వీడియో తీయడం మొదలుపెట్టింది.

తొమ్మిదింటికి పెద్ద వ్యాను వచ్చింది. డ్రైవర్ అబ్రహాము దిగి పేరు పిలవకముందే పిచ్చమ్మ ఓటీపీ ఒప్పజెప్పింది. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, చదువు రాదు, ఆరు అంకెలూ తడుముకోకుండా చెప్పింది. నలుగురు మగవాళ్లు అలవాటైన చేతులతో ట్రెడ్‌మిల్లు పెట్టెను దించి అరుగు మీద పెట్టారు. ఎన్నిసార్లు వచ్చి పోయిందో, అట్టపెట్టె మూలలు అరిగి గుండ్రంగా అయ్యాయి. దాన్ని విప్పి చూద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఇక తస్లీమ్ ఆగలేకపోయింది. నేరుగా పోయి పిచ్చమ్మ ముందు నిలబడింది.

ముసలామె ముఖం వెలిగిపోయింది. “లింకు పాపవు గదా నువ్వు? ఫోనులో కంటే సన్నగా ఉండావే.”

“హేమలత మీకు ఎంత ఇస్తాంది అవ్వా?”

హేమలత ఎవరో పిచ్చమ్మకు తెలియదు. ఆర్డరు పెట్టాలంటే ఏదో ఒక లింకు నొక్కక తప్పదు కాబట్టి, మన పక్క పిల్లకు నాలుగు డబ్బులు వస్తాయి కదా అని ఊరంతా తస్లీమ్ లింకే నొక్కుతున్నారట. వాపసు పోయిన వస్తువు మీద తనకు పైసా రాదని, పైగా కేసు మెడకు చుట్టుకుంటోందని చెబుతుంటే తస్లీమ్‌కు ఏడుపొచ్చింది. పిచ్చమ్మ నొచ్చుకుని చేయి పట్టుకుంది.

అంతలో వెనక ఏదో చప్పుడైంది. తస్లీమ్ తిరిగి చూసేసరికి మూటలన్నీ వ్యాను ఎక్కేశాయి. కోళ్ల గంప ఎక్కింది. ఒకరికొకరు చేయి అందించుకుంటూ మనుషులూ ఎక్కేస్తున్నారు. దొరికిపోయామని తెలిసి ముఠాకు ముఠా పారిపోతోంది! తస్లీమ్ పరుగెత్తి పోయి వ్యానుకు అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

“ఈ మోసం ఎందుకు చేస్తన్నారో చెప్పేదాకా బండి కదిలేది లేదు.”

అబ్రహాము నిట్టూర్చి ఇంజను ఆపాడు. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, వ్యాను మెట్టు మీద కాలు పెట్టిన పిచ్చమ్మ వెనక్కి తిరిగి మెల్లగా చెప్పింది.

“మోసమేంది పాపా, ఆర్డరు పెడితే పొద్దున బండి వస్తది, ఎక్కి టౌనుకు పోతాం, వాపసు పెడితే సామాను తీసకపోను సాయంత్రం మళ్లా అదే బండి ఊరికొస్తది, దాంట్లోనే ఇల్లు చేరతాం, గురువారం సంతనాడు జనం ఎక్కువ గాబట్టి పెద్ద బండి రావాలని పెద్ద సామాను పెడతాం... మా ఊరికి బస్సు ఆపేసి నాలుగు నెలలాయె గదా.”