ఒక్క ‘వద్దు’ కోసం

“తడి ఆరలేదని మీకు ముందే తెలుసా?” అని మేనేజరు అడిగింది.

“తెలుసు మేడమ్,” అన్నాడు పెద్ద మేస్త్రి.

“మరి చెప్పలేదేం?”

“మీరు వేయమన్నారు కదా.”

ఇద్దరూ పడవ అడుగు కేసి చూస్తూ నిలబడ్డారు. వాన వెలిసిన మర్నాడే రంగు రెండో పూత వేయించమని ఆమె చెప్పింది. అలాగేనని మేస్త్రి వేయించాడు. వారం తిరక్కుండానే రంగంతా పొక్కులు పొక్కులుగా లేచింది.

ఆమె సముద్రం అవతలి దేశం నుంచి ఈ పడవల మరమ్మతు యార్డుకు వచ్చి అప్పటికి నాలుగు నెలలు. ఆ దేశంలో పై అధికారిని పేరు పెట్టి పిలుస్తారు, ఎదురుగా కూర్చుని వాదిస్తారు, వాదనలో నెగ్గితే ఆ అధికారే భుజం తడతాడు. మేస్త్రికి ముప్పై ఏళ్లుగా ఈ యార్డే లోకం. పైవాళ్ళ మాటకు ఎదురుచెప్పడమంటే అతని దృష్టిలో కన్నతండ్రి మీద చెయ్యెత్తడమే. ఆమెది తన కూతురి వయసే అయినా, అటుగా వస్తే చేతిలో పనిముట్టు కింద పెట్టి మరీ లేచి నిలబడేవాడు.

పాడైన రంగు చూసి ఆమెకు కోపం రాలేదు. మేస్త్రి జవాబు విని మాత్రం దిగులు పట్టుకుంది.

ఆ సాయంత్రం పాఠంలో అదే మాట ఎత్తింది. ఆమెకు ఇక్కడి భాష నేర్పుతున్నది మేస్త్రి కొడుకే. కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషి, వారానికి రెండు సాయంత్రాలు వచ్చి వెళ్తుంటాడు. తన తండ్రి ‘అలాగే’ అంటే విన్నాడని మాత్రమే అర్థమనీ, ‘చూద్దాం’ అన్నాడంటే ఇక ఆ పని జరగదనీ అతను విడమరిచి చెప్పాడు.

“ఇంట్లో కూరలో ఉప్పు నుంచి వీధి తలుపు గొళ్ళెం దాకా అన్నిటికీ వద్దంటాడు. మీ దగ్గరే నోరు మెదపడు,” అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. మర్నాడు మేస్త్రిని పిలిచి, వారానికి ఒక్కసారైనా తన మాట కాదనాలని చెప్పింది.

మేస్త్రికి ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. ఆజ్ఞ పాటించాలంటే ఆజ్ఞ ఇచ్చినావిడనే ధిక్కరించాలి. ఆ శనివారం టీ తాగుతారా అని ఆమె అడిగితే, ప్రాణం లాగుతున్నా వద్దనేసి చెమట తుడుచుకున్నాడు. ఇది చెల్లదంది ఆమె. మరో వారం, గంటసేపు తటపటాయించి, ఫ్యాను అంత జోరుగా వద్దేమో అన్నాడు. ‘వద్దేమో’ కూడా చెల్లదంది. నెలలు గడుస్తున్నా ఆమె పట్టు వీడలేదు. మేస్త్రి గారి చదువు ఎంతవరకు వచ్చిందని యార్డులో వాళ్ళు ఆటపట్టించేవారు.

అలా ఉండగా ఒక పెద్ద పడవలోంచి ఇంజను క్రేనుతో పైకెత్తాల్సిన రోజు వచ్చింది. పడవ యజమాని గడియారం చూసుకుంటూ పక్కనే నిలబడ్డాడు. కింద ఇద్దరు ఫిట్టర్లు బోల్టులన్నీ విప్పి సిద్ధంగా ఉన్నారు. ఎత్తమని ఆమె చెయ్యి ఊపింది.

మేస్త్రి క్రేను ఇనుప తాడు మీద అరచేయి ఆనించి అలాగే ఉండిపోయాడు.

“వద్దు,” అన్నాడు.

వెనక మేడమ్ అని తగిలించడం కూడా మర్చిపోయాడు. చుట్టూ సుత్తుల చప్పుడు ఆగిపోయింది.

ఆమె ముఖం ఎర్రబడింది. తాడు తనిఖీ కాగితం ఇంకో నెల చెల్లుతుందని గుర్తుచేసింది.

“కాగితం బాగానే ఉంది. తాడే బాగాలేదు. మా వాళ్ళు కింద ఉండగా నేను ఎత్తనివ్వను.”

ఇక్కడ మేనేజరు ఎవరు, మేస్త్రి ఎవరు అని యజమాని గొణిగాడు. ఆమె మేస్త్రి కళ్ళలోకి ఒక్క క్షణం చూసి, ఫిట్టర్లను బయటికి రమ్మంది. ఖాళీ స్థలంలో, ఇంజను బరువులో సగమున్న కాంక్రీటు దిమ్మను అదే తాడుతో ఎత్తించింది. మనిషెత్తు లేవకముందే తాడు ఫట్టున తెగింది. దిమ్మ నేలలోకి జానెడు దిగింది. తెగిన చోట లోపలి తీగలు తుప్పుపట్టి పొడిపొడిగా రాలాయి. ఫిట్టర్లిద్దరూ మేస్త్రి చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

పని దిగే వేళకు మేనేజరు నుంచి కబురు వచ్చింది. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాడు మేస్త్రి. తాడు సంగతి సరే, నలుగురిలో పై అధికారి మాట తీసేశాడు. క్షమాపణ కూడబలుక్కుంటూ వెళ్ళాడు. ఆ కంగారులో, ఆమె చెప్పకముందే కుర్చీలో కూలబడ్డాడు.

ఆమె తలుపు దగ్గరగా వేసింది. తన కుర్చీలోకి వెళ్ళకుండా, చేతులు కట్టుకుని అతని ఎదురుగా నిలబడింది. ఉద్యోగం అడగడానికి వచ్చిన పిల్లలా ఉంది. మేస్త్రి నోరు తెరవబోతే వద్దని తల అడ్డంగా ఊపింది. ఇన్ని నెలలూ ఈ రోజు కోసమే ఎదురుచూశానంది. తను అడగబోయేదానికీ యార్డుకూ ఏ సంబంధం లేదనీ, ఇష్టం లేకపోతే పొద్దున అన్నంత గట్టిగానే కాదనాలనీ బతిమాలింది.

మేస్త్రి అయోమయంగా తలూపాడు.

“మీ అబ్బాయిని నేను పెళ్ళి చేసుకోవచ్చా?”